కొత్తల నాటి కారం బూరె

మా ముత్తాత గోదావరి అవతలి నుంచి బస్తర్ రాజ్యంలోకి వచ్చి, పామేడు వైపు అడవి కొట్టించి ఊళ్ళు నిలబెట్టినవాడు. ఆ ఊళ్ళనే జమీందారు ఆయనకు శిస్తు వసూలుకు ఠేకాకిచ్చాడు. మా తాత దసరాకు జగదల్‌పూర్ వెళితే రాజుగారి కచేరీలో ఆయనకు ఆసనం వేసేవారు. మిగతా ఠేకేదార్లు నిలబడి ఉండేవారు. రాజుగారి చేతి తలపాగా కట్టుకుని ఆయన తిరిగొచ్చే రోజున పొలిమేర దగ్గరే డోళ్ళు మోగేవట. మా నాన్న ఆ తలపాగాను పెట్టెలో చూసినవాడే గాని కట్టుకున్నవాడు కాదు. ఆయన పెద్దయ్యేసరికి ఊళ్ళు ఒకదాని వెనక ఒకటి చేయి దాటాయి. ఎట్లా దాటాయో చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. నేనూ చెప్పను.

ఇల్లు మిగిలింది. ఇంట్లో భోజనపు పీటలు మిగిలాయి. ముత్తాత కొట్టించిన అడవిలోని టేకుతోనే చేయించిన పీటలు, మూలలకు ఇత్తడి పువ్వులు. ఇంటిపెద్ద కూర్చునేది మాత్రం టేకు కన్నా విలువైన జిట్రేగి కర్రది, నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉండేది. పీట మీద కూర్చున్నవాళ్ళు గోడకు ఆనుకోకూడదు. వెన్ను నిటారుగా ఉండాలి. ఇంటిపెద్ద లేచాక బంతిలో ఎవరూ ముద్ద ఎత్తకూడదు. నాకు నడక వచ్చేనాటికే ఈ సంగతులు వచ్చు.

మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద భోజనం కొత్తల రోజున జరిగేది. కొత్త ధాన్యం ఇంటికొచ్చాక, దాన్ని మొదటిసారి వండుకుని తినే పండుగ అది. చుట్టుపక్కల దొర్ల తెగవాళ్ళూ చేసుకునేవాళ్ళు, మేమూ చేసుకునేవాళ్ళం. మా ఇంటికి మాత్రం అందులో సొంతంగా ఒక అల్లరి ఉండేది. కొత్త బియ్యప్పిండి జారుగా కలిపిన తోపుతో బూరెలు వేసేవారు. అన్నింట్లో పప్పూ బెల్లం పూర్ణం ఉండేది, ఒక్కదాంట్లో మాత్రం మిరపకాయల ముద్ద. అడవి అంచున గోరంత కాయలు కాసే మిరప మొక్క ఉంటుంది, కాయలన్నీ ఆకాశం వైపే చూస్తుంటాయి. ఆ కాయలు ఉప్పుతో నూరి, పైకి తెలియకుండా తోపులో ముంచి వేసేవారు. అది ఎవరి విస్తట్లో పడాలన్నది వంటింటి ఆడవాళ్ళ ఇష్టం. ఎవరి మీద కోపముంటే వాళ్ళకు, ఎవరి మీద ముద్దుంటే వాళ్ళకు. మగవాళ్ళకు దాంట్లో మాట లేదు.

పడ్డవాళ్ళు దాన్ని పూర్తిగా తినాలి. నీళ్ళు తాగకూడదు, దగ్గకూడదు, వెన్ను వంచకూడదు. అట్లా తిన్నవాళ్ళు ఇంటిపెద్దను ఒక్కటి అడగవచ్చు. ఇంటిపెద్ద కాదనడానికి లేదు. మా తాత కాలంలో ఒక చుట్టం గుర్రాన్ని అడిగాడు, మర్నాడు దాని మీదే ఎక్కి వెళ్ళాడు. అరుగు మీద తిన్న వెట్టి మనిషి ఒకడు తన మనవడికి వాగొడ్డు మడిచెక్క అడిగాడు, వాడి పిల్లలు ఇప్పటికీ అందులో వరి వేస్తున్నారు.

నాన్న కాలంలో కోరికలు చిన్నవవుతూ వచ్చాయి. ఒక ఏడు మా చిన్నాన్న ఇంకో గరిటె నెయ్యి అడిగాడు. మరో ఏడు అమ్మ తమ్ముడు దంతెవాడ దాకా బండి పంపమన్నాడు. ఇంకొకాయన బాగా ఆలోచించినట్టు పైకి చూసి, మరో బూరె వేయించమన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. వాళ్ళెందుకు అంత చిన్నవి అడుగుతున్నారో ఆయనకు తెలుసు. ఆ రాత్రి అమ్మతో, "నా మీద జాలిపడుతున్నరు. అడగడం కూడా మానేసిండ్రు," అన్నాడు. మనిషి తనను ఏమీ అడగకపోవడం ఆయనకు దెబ్బ కొట్టినంత పని.

అక్కకు అప్పటికి పెళ్ళీడు దాటుతోంది. మా అంతస్తుకు తగిన సంబంధాలు రావడం లేదు. వచ్చిన సంబంధాలకు అంతస్తు లేదని నాన్న తిప్పి పంపేవాడు. మా మేనత్త కొడుకు ఒకడున్నాడు, కిష్టారం వైపు. అక్కకూ నాకూ బావ. అక్కంటే ఆయనకు ఇష్టం. అక్కకు ఆయనంటే ఎంత ఇష్టమో, ఆయన వచ్చిన రోజున కూరలో ఉప్పు రెండుసార్లు పడడాన్ని బట్టి ఇంట్లో అందరికీ తెలుసు. కాని బావ ఒక కలప ఠేకేదారు దగ్గర గుమాస్తా. నరికిన దుంగలకు టేపు పట్టి చుట్టుకొలత చెప్పడం ఆయన పని. ఆ నరికే అడవిలో కొంత ఒకప్పుడు మాది. "మన అడవికి పరాయివాడి టేపు పట్టేవాడికి నా బిడ్డనా?" అని నాన్న ఒకసారి అన్నాడు. అత్త మళ్ళీ ఆ సంబంధం మాట ఎత్తలేదు.

ఆ ఏడు కొత్తలకు వాళ్ళు వేసిన ఎత్తు ఇది. కారం బూరె బావ విస్తట్లో పడేట్టు అక్క చూస్తుంది. బావ దాన్ని తిని అక్కను అడుగుతాడు. నాన్న కాదనలేడు. ఇది నాకు తర్వాత తెలిసినా, చదివేవారికి ముందే చెప్పడం మర్యాద. అమ్మకు తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. అత్తకు మాత్రం తెలుసు. ఆ మధ్యాహ్నం వంటింట్లో రోలు దగ్గర ఇద్దరూ నవ్వుకోవడం నేను గడప ఇవతల నుంచి విన్నాను. దేనికో అప్పుడు అర్థం కాలేదు.

"బాగ నూరవే. ఒళ్ళు దాచుకోకు," అంటోంది అత్త.

"ఎక్కువైతే నీ కొడుకే ఏడుస్తడు అత్తా."

"ఏడ్వనీ. పెళ్ళయినంక ఎట్లనూ ఏడ్వాలె కదా, ఇప్పటి నుంచే అలవాటైతది." ఆమె గొంతు తగ్గించింది. "నెల దినాల నుంచి పొద్దున చద్దన్నంల మిరపకాయలే కొరుకుతుండు. కూలోళ్ళు నవ్వుతున్నరట, గుమాస్తాకు దయ్యం పట్టిందని."

బావ ఆ పొద్దున్నే బండి దిగాడు. ఆయనకు నన్ను చూస్తే ఏదో ఒకటి అనకపోతే తోచదు.

"ఏంది బామ్మర్దీ, మీసం రాంగనే వెన్ను ఇంకా బిగబట్టినవ్?" అన్నాడు. "మీ ఇంట్ల మనుషులు గోడకు ఆనుకోరు. గోడనే మీకు ఆనుకుంటది," అని నా వీపు మీద చరిచాడు.

అయితే ఆ ఏడు ఇంకొక సంగతి జరిగింది. ఇంటి దిగువ చేను, మాకు మిగిలిన చివరి చేను, సర్కారు వాళ్ళు కొలిచి దున్నేవాడి పేర రాసేశారు. దున్నేవాడు ఊరి పటేలు, దొర్ల మనిషి, నాన్న కంటే పెద్దవాడు. పంట రాగానే ఆయన ఒక గంప కొత్త బియ్యం తెచ్చి మా అరుగు మీద దించాడు. ఇదివరకు తెచ్చినట్టే తెచ్చాడు. ఇదివరకు అవి మావి. ఇప్పుడు ఆయనవి.

నాన్న గంప వైపు చూసి, "రేపు నువ్వు మా బంతిలో కూర్చోవాలె," అన్నాడు.

"ఎందుకు దొరా, నాకు అరుగు సాలు."

"నిన్ను అరుగు మీద కూర్చోబెట్టి నీ బియ్యం నేను లోపల తినలేను."

దొర్ల మనిషి మా పీట మీద కూర్చోవడం అంతకుముందు ఎన్నడూ లేదు. నాకు అది నచ్చలేదు. నాన్న మాటకు ఎదురు లేదు కనుక నేనే పీట తుడిచి వేశాను.

పొద్దు గుంకాక దీపాలు పెట్టి బంతి వేశాం. జిట్రేగి పీట మీద నాన్న. పక్కన పటేలు, తర్వాత ఆడపడుచు హోదాలో అత్త, తర్వాత చిన్నాన్న, అందరికంటే చిన్నవాడు గనుక చివర బావ. బూరెలు వడ్డించడం ఇంటి కొడుకు పని. అక్క నాకు పళ్ళెం అందించింది. వడ్డించే వరుసలోనే బూరెలు పేర్చి ఉన్నాయి. "ఇటు నుంచి వరసగా తియ్యి, కిందా మీదా చెయ్యకు," అంది. వడ్డన ఎప్పుడూ నాన్నతో మొదలవుతుంది, చివరి విస్తరితో ముగుస్తుంది. చివరి బూరె చివరి మనిషిది. ఆమె లెక్క అంతే. ఏ ఏడూ తప్పని లెక్క.

నేను నాన్న ముందు వంగాను. ఆయన విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ ఏడు నాకు చివర. గింజ ఎవరిదో వాళ్ళతో మొదలుపెట్టు."

చిన్నాన్న తల దించుకున్నాడు. పటేలు, "అట్ల ఒద్దు దొరా," అని పీట మీద ఇబ్బందిగా కదిలాడు. వంటింటి గుమ్మం నుంచి అక్క గొంతు వినిపించింది.

"నాన్నా, మీకు వడ్డించకుండ ఎట్ల? ముందు మీకే కదా."

"మన చేలో పండిననాడు నాకే ముందు తల్లీ. ఇది మన చేలోది కాదు."

అక్క చెయ్యి గుమ్మాన్ని పట్టుకుంది. అంతమందిలో నాన్న ఆ మాట అన్నందుకు నాకు తల తీసేసినట్టయింది. ఆమెకూ అందుకేననుకున్నాను.

పటేలుతో మొదలుపెట్టాను. అత్తకు వేస్తుంటే ఆమె తన విస్తరి వైపు గాక నా పళ్ళెం వైపే చూస్తోంది. చిన్నాన్నకు వేశాను. బావకు వేశాను. బావ అప్పటికే నీళ్ళ చెంబును మూరెడు దూరం జరిపి, ఛాతీ విరుచుకుని, మా ఇంట్లో పుట్టినవాడిలా కూర్చున్నాడు. వరుస మారిన సంగతి ఆయనకు తట్టినట్టు లేదు. నాకు కన్ను గీటాడు. చివరిది తీసుకెళ్ళి నాన్న విస్తట్లో వేశాను.

బావ పెద్ద ముక్క కొరికాడు. నమిలాడు. ఆగి చేతిలోని సగం వైపు చూశాడు. దాన్ని విప్పి వేలితో లోపల కెలికాడు. అదీ నోట్లో వేసుకున్నాడు. బూరె తియ్యగా ఉన్నందుకు ముఖం మాడ్చుకున్న మనిషిని నేను ఆ ఒక్కసారే చూశాను.

"ఏందిరా, కారమా?" అంది అత్త ఆదుర్దాగా.

"లేదమ్మా. తియ్యగుంది," అన్నాడు, చావు కబురు చెప్పినట్టు.

అప్పటికి నాన్న సగం తిన్నాడు. ఆయన దవడ ఒక్క క్షణం ఆగింది. మెడ మీద నరం లేచింది. మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. నుదుటి మీద పుట్టిన చెమట కనుబొమల్లోకి దిగింది, తుడుచుకోలేదు. ఈ ఆచారాన్ని ఎన్నడూ దగ్గర నుంచి చూడని పటేలు కంగారుపడి, "దొరా, నీళ్ళు తాగు, నీళ్ళు," అని తన చెంబు జరిపాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. రెండో సగం కూడా నోట్లో పెట్టుకుని తిన్నాడు. వేళ్ళకంటిన ముద్దను కూడా వదల్లేదు. ఎంత కారం పెట్టారో నాకు ఆయన చెవులను చూస్తే తెలిసింది. ఎర్రగా, దీపం వెలుగులో రక్తం కనిపించేట్టున్నాయి.

ముందుగా తేరుకున్నది అత్తే. నవ్వు తెచ్చుకుని, "అన్నా, నీకే పడ్డది! ఇగ నువ్వే అడగాలె. అడుగు, ఎవరిని ఏమడుగుతవో," అంది.

"అడుగన్నా," అని చిన్నాన్న అందుకున్నాడు. "ఇన్నేండ్లు మమ్ముల అడగమన్నవు, ఇయ్యాల నీ వంతు. నా దగ్గరేముంది, ఈ పంచె తప్ప."

పటేలు కూడా నవ్వాడు. నాన్న నవ్వలేదు. ఆయన కళ్ళు గుమ్మంలో నిలబడ్డ అక్క మీదికి వెళ్ళాయి. అక్కడి నుంచి బంతి చివరకు, బావ దూరంగా జరిపిన చెంబు మీదికి వెళ్ళి ఆగాయి. అంతా ఆయనకు అర్థమైంది. ఆయనకు అర్థం కావడం చూశాకే నాకూ అర్థమైంది.

"ఈ పీట మీద కూర్చున్నోడు అడగడు," అన్నాడు. గొంతు బొంగురుపోయింది.

"పడ్డోళ్ళు అడగాలె కదన్నా. అది నాయిన పెట్టిన నేమం." అత్త నవ్వు పోయింది. ఇప్పుడు బతిమాలుతోంది. "నువ్వేమడిగినా కాదనేటోళ్ళు లేరీడ. ఒక్క మాట అను. నా కొడుకును అడుగు. నీకు ఏం గావాల్నో అడుగు."

మా అత్త ఆయనకు ఒక దారి తెరిచింది. అల్లుడిగా రారా అని ఒక్క మాట ఆయనే అంటే సరిపోయేది.

"ఇయ్యడమే ఈ పీటకు తెలుసు," అన్నాడు నాన్న. లేవడానికి మోకాలి మీద చెయ్యి వేశాడు.

అప్పుడు బావ పీట దిగి, పటేలు విస్తరి పక్కన ఉన్న దొప్ప తీసుకుని తన పీట మీదికి వచ్చాడు. అందులో ఉప్పూ, అదే జాతి పచ్చిమిరపకాయలూ ఉన్నాయి. పటేలుకు అన్నంలోకి నంజుకోవడానికని అమ్మ పెట్టించింది. బావ ఆ కాయలన్నీ గుప్పిట్లోకి తీసుకుని ఒక్కసారే నోట్లో పోసుకున్నాడు. నిటారుగా కూర్చుని నమిలాడు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారి గడ్డం మీదికి వచ్చాయి. దగ్గలేదు.

"నీళ్ళు ముట్టలే మామా," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. "నేను అడుగుత. నీ బిడ్డను నాకియ్యి."

నాన్న ఆయన వైపు చూశాడు. అంత సూటిగా ఆయన బావ వైపు అంతకుముందు చూడలేదు. ఇస్తాడని నాకు అనిపించింది. ఆ ముఖంలో ఒక మెత్తదనం వచ్చి పోవడం చూశానని నేనిప్పటికీ చెప్పగలను.

"బూరె నీ విస్తట్ల పడలే," అన్నాడు.

"నాకే పడాల్సింది మామా."

"పడలే. నీ అంతట నువ్వు తీసుకుని తిన్న కారానికి ఈ ఇల్లు జవాబు చెప్పదు."

ఆయన లేచాడు. ఆయన లేచాక బంతిలో ఎవరూ ముద్ద ఎత్తడానికి లేదు. కొత్త అన్నం అందరి విస్తళ్ళలో వేడిగా పొగలు కక్కుతూనే ఉంది. ఇంకా కూర కూడా వడ్డించలేదు. పటేలు మాత్రం వంగి, తన విస్తరిని అన్నంతో సహా మడిచి పట్టుకున్నాడు. "కొత్త గింజ దొరా. వదిలిపెట్టొద్దు," అని మెల్లగా చెప్పి అట్లాగే ఇంటికి తీసుకుపోయాడు.

బావ పెరట్లోకి వెళ్ళి అరటి మొదళ్ళ దగ్గర వంగి నిలబడ్డాడు. అక్క చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళింది. ఎవరూ ఆపలేదు. ఆయన తాగుతుంటే ఆమె పక్కనే నిలబడింది. వాళ్ళిద్దరూ అంత దగ్గరగా నిలబడగా నేను చూసింది అదే మొదలు, అదే చివర.

తెల్లవారి అత్తా బావా వెళ్ళిపోయారు. నాన్న అరుగు మీద కూర్చున్నాడు. పెదవులు వాచి ఉన్నాయి. అక్క మజ్జిగ తెచ్చి ముందు పెట్టింది. ఆమె వినాలనో, లేక ఆమె అక్కడుందని మరిచో, ఆయన అమ్మతో అన్నాడు:

"బూరె వాడికి పడి ఉంటే ఇచ్చేటోణ్ణి. ఇన్నేండ్లకు ఒకడు అడగదగ్గది అడగడానికి వచ్చిండు."

"అడిగిండు కదా నాన్నా," అంది అక్క.

నాన్న మజ్జిగ గ్లాసు తీసుకున్నాడు. అక్క లోపలికి వెళ్ళింది. ఆ మాట మీద ఆ ఇంట్లో మరో మాట పుట్టలేదు.

నియమం ప్రకారం మా నాన్న తప్పు చేయలేదు. ఇప్పటికీ నేను అదే అంటాను. మా తాతయినా అదే చేసి ఉండేవాడు. మనిషి ముఖం చూసి నియమాన్ని ఇటు కొంత అటు కొంత జరుపుకునే ఇళ్ళు ఉంటాయి, మాది కాదు. అక్క ముందు మాత్రం నేను ఈ మాట ఎప్పుడూ అనలేదు.

ఎండాకాలం వచ్చాక అత్త ఒక మనిషితో కబురు పంపింది. వచ్చే కొత్తలకు వాడు మళ్ళీ వస్తాడు, ఈసారి నేమం ప్రకారమే కానివ్వండి అని. నాన్న, "రమ్మను. బూరె ఎవరికి పడితే వాళ్ళు అడుగుతారు," అని చెప్పి పంపాడు. ఆ రోజు అక్క పాట పాడుకుంటూ పిండి దంచింది. మా ఇంట్లో అది అరుదు. వానాకాలమంతా పెరటి గోడ పక్కన మిరప మొక్కకు తడిక కట్టి మేకలు రాకుండా కాచింది. కాయలు గుత్తులుగా ఆకాశం వైపు చూస్తూ ఎర్రబడ్డాయి.

పంటకాలం వచ్చింది. పటేలు మళ్ళీ గంప తెచ్చాడు. నాన్న గంప మీది గుడ్డ తీసి, బియ్యం చేతిలోకి తీసుకుని చూసి, మళ్ళీ అందులోనే పోశాడు.

"మంచి గింజ. తీసుకుపో," అన్నాడు.

"పండుగ కదా దొరా?"

"మాకు చేను లేదు. చేను లేనోళ్ళకు కొత్తలేంది?"

ఆ ఏడు మా ఇంట్లో కొత్తలు చేయలేదు. పరాయి గింజ తిని బంతిలో చివర వడ్డించుకోవడం ఆయన ఒకసారి భరించాడు, రెండోసారి ఆయన వల్ల కాలేదు. కొత్తలు లేవు గనుక బంతి లేదు, బంతి లేదు గనుక బూరె లేదు. రావద్దని బావకు కబురు వెళ్ళింది. అందులో అక్క పేరు లేదు, కొత్తలు చేయడం లేదని మాత్రమే ఉంది. ఆ తర్వాత మరే ఏడూ చేయలేదు.

బావ ఇంకో రెండేళ్ళు ఆగాడని విన్నాను. తర్వాత కొంటా వైపు పిల్లను చేసుకున్నాడు. మాకు పసుపు రాసిన బియ్యం వచ్చాయి. నాన్న తీసుకున్నాడు గాని పెళ్ళికి వెళ్ళలేదు. అక్కకు పెళ్ళి కాలేదు. నాన్న కళ్ళు కనిపించని రోజుల్లో ఆయనకు అన్నం కలిపి పెట్టింది ఆమే. ఆయన పీట మీద నిటారుగా కూర్చునేవాడు, ఆమె ఎదురుగా నేల మీద కూర్చునేది. కూరలో కారం ఎక్కువైతే ఆయన ఏమీ అనేవాడు కాదు. ఆమె కావాలని వేసేదని నేననను. పెరట్లో ఆ మిరప మొక్క ఎండిపోయినా మళ్ళీ మళ్ళీ మొలిచేది, దాన్ని ఎవరూ పీకలేదు.

నాన్న పోయాక, రాజ్యం పోయి బస్తర్ జిల్లా అయిన రోజుల్లో, పీటలను బండికెత్తి గీదం తీసుకెళ్ళి అమ్మాం. కొన్నవాడు ఇత్తడి పువ్వులు ఊడదీసి విడిగా తూచుకున్నాడు. టేకు పీటలూ, జిట్రేగి పీటా ఒకే ధరకు పోయాయి.